కాలిబాటకు జాతీయపట్టము

(పఠనమందిరమున చేసిన యుపన్యాసపాఠము)

నేటి సాయంకాలము మేము మాటలాడబూనిన విషయము వినుటకు స్వల్పముగా తోచవచ్చును. అది యొక కాలిబాటను గూర్చినది. అదియు మన దేశపు బాట కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములకు ఈశాన్యముననున్న న్యూ ఇంగ్లండు ప్రాంతపు కొండబాట. దానికి జాతీయగౌరవ మొసగదగునా, తగదా యని విచారింపుమని ఆ దేశపు శాసనసభ 2002 సంవత్సరమున ఉత్తరువు చేసినది. 2009 సంవత్సరమున ఔనని తీర్మానించినది. ఈ యేడేండ్ల నడుమ అడుగబడిన ప్రశ్న లెవ్వి, వానిలో నసలు ప్రశ్న యేది, దానికి దొరకిన సమాధానము మంచిదా కాదా యనునదియే మా యుపన్యాసము.

ముందుగా మా వృత్తిలో నెదురైన చిన్న సంగతి యొకటి విన్నవింతుము. చాల యేండ్ల క్రిందట ఒక డొంకతగవు మా యొద్దకు వచ్చినది. ఒక రైతు పొలముగట్టు వెంబడి ఊరివారు చెరువునకు నడచిపోవుచుండిరి. అతని తండ్రినాటనుండియు కాదన్నవారు లేరు. ఎండకాలమున ఆ రైతే దారిన పోవువారికి బావినీరు చేది పోయుచుండెడివాడట. ఇట్లుండగా సర్వేవారు వచ్చి ఆ గట్టును బాటగా లెక్కలలో వ్రాయబోవుచున్నారని ఊరిలో మాట పుట్టినది. మరునాడు తెల్లవారునప్పటికి గట్టున కడ్డముగా తుమ్మకంప పడియున్నది. ఊరివారు కోపించి దావాకు దిగిరి. మేము ఊరివారి పక్షమున నిలిచినవారము. క్రాసు పరీక్షలో ఆ రైతును, నలుబదియేండ్లు నడవనిచ్చి నేడు కంప వేయుటకు కారణమేమని యడిగితిమి. "నడవనిచ్చింది నేనండి. రేపు కాయితంలో రాసుకున్నాక ఇచ్చేది నేను కాదు గదండి" అని యతడు బదులు చెప్పెను. వ్యాజ్యము తరువాత రాజీ యైనది. కాని ఆనాడు ఆ మాటకు మా యొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. న్యూ ఇంగ్లండు బాట కథ చదువునప్పుడు ఆ రైతే మాకు మరల జ్ఞప్తికి వచ్చెను.

ఇక బాటను గూర్చి చెప్పెదము. కనెక్టికటు, మాసచూసెట్సు అను రెండు రాష్ట్రముల నడుమ దక్షిణోత్తరముగా సాగిన నల్లరాతి కొండవరుస యొకటి కలదు. సుమారు ఇరువది కోట్ల సంవత్సరముల క్రిందట, ఖండములు విడిపోవుచున్న కాలమున, భూగర్భమునుండి పొంగిన ద్రవము గడ్డకట్టుటచే ఆ రాయి పుట్టినది. దానిని ట్రాపురాయి యందురు. ట్రాపు అనునది మెట్టు అను అర్థముగల స్వీడనుదేశపు మాటనుండి వచ్చినది. ఈ మాట మనకును పరాయిది కాదు. ఆరున్నర కోట్ల సంవత్సరముల నాటి దక్కను ట్రాపుల అంచులు ఆదిలాబాదు, వికారాబాదు ప్రాంతములలో నున్నవి. రాజమహేంద్రవరము చెంత కాతేరు, పంగిడి ప్రాంతములందు గోదావరి కిరుప్రక్కలను కనబడు నల్లరాయియు ఈ జాతిదే. మన యొద్దవలెనే ఆ దేశమునను ఈ రాతిని కంకరకై కొట్టుకొనిపోవుట కద్దు. అందుచే ఆ కొండలను కాపాడవలెనను చింత అక్కడివారికి పూర్వమే పుట్టినది.

ఆ కొండలు ఎత్తునకు పేరుగన్నవి కావు. మౌంట్ టాము శిఖరము 1,202 అడుగులు మాత్రమే. అయినను పల్లమునుండి నిట్టనిలువుగా లేచిన యంచులగుటచే, వానిపై నిలుచున్నవానికి కనెక్టికటు నది, దాని వంపులు, పొలములు, ఊళ్ళు చేతిలోని పటమువలె కనబడును. మౌంట్ హోల్యోకు మీదినుండి కనబడు నదివంపును థామస్ కోల్ అను చిత్రకారుడు 1836 లో చిత్రించెను. ఆ పటము అమెరికా చిత్రకళలో ప్రసిద్ధికెక్కినది. ఆ కొండల వెంబడి నడచు బాట హార్ట్‌ఫర్డు, స్ప్రింగ్‌ఫీల్డు వంటి నగరముల కనతిదూరముననే పోవును. నిర్జనారణ్యములో కాక, జనుల యిండ్ల పెరడుల వెనుకగా, నీటిచెరువుల గట్లమీదుగా, చిన్న చిన్న కమతముల నడుమగా పోవుట దాని ప్రత్యేకత. ఆ బాట చివర దేవాలయము లేదు, తిరునాళ్ళు లేదు. నడకకొరకే నడచువారి బాట యది.

దానిని ప్రభుత్వము వేయలేదు. కనెక్టికటులో 1895 లో నేర్పడిన వనోద్యాన సంఘమువారు 1929 నుండి చెట్లకు నీలిరంగు గుర్తులు వేయుచు బాటలను తీర్చిరి. మెటాకొమెటు, మట్టాబెసెటు అను బాటలు వారివి. మాసచూసెట్సులో, అక్కడి విశ్వవిద్యాలయమున వృక్షరోగశాస్త్రాచార్యుడైన వాల్టర్ బాన్‌ఫీల్డు 1950 దశాబ్దిలో మెటాకొమెటు-మొనాడ్నాకు బాటను గుర్తించెను. అచ్చటి గుర్తులు తెలుపు. 1876 లో పుట్టిన అపలాచియను పర్వతసంఘపు శాఖవారు దానిని కాపాడుచు వచ్చిరి. ఆదివారములందు కత్తులు, రంపములు పట్టుకొని వచ్చి కూలిన చెట్లను తొలగించువారు, వానకు కోసుకొనిపోయిన దారికి రాళ్ళు పేర్చువారు, గుర్తులకు మరల రంగువేయువారు అందరును జీతములేని సేవకులే.

మెటాకొమెటు అనునది ఒక నాయకుని పేరు. అతడు వాంపనోగు జాతివాడు. 1675 లో ఆంగ్లవలసవారితో యుద్ధమారంభించి 1676 లో హతుడయ్యెను. సమ్మతి లేకయే చేతులు మారిన నేలపై అతని పేరు నిలిచినది. ఆ నేలమీదనే, మూడువందల యేండ్ల పిమ్మట, సమ్మతి యను మాట యింత ప్రధానమగుట గమనింపదగినది.

ఇక చట్టము. అమెరికాలో బాటలకు జాతీయస్థానమిచ్చు చట్టము 1968 అక్టోబరు 2 న పుట్టినది. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ దానిపై సంతకము చేసెను. అందు మిక్కిలి గౌరవముగల తరగతికి "నేషనల్ సీనిక్ ట్రయల్" అని పేరు; జాతీయ రమణీయపథ మని మన మనుకొందము. వినోదపు బాటలను మంత్రియే గుర్తింపవచ్చును గాని, రమణీయపథమని పట్టముకట్టు అధికారము శాసనసభకే కలదు. ఆ దేశపు శాసనసభకు కాంగ్రెసని పేరు గనుక, మన కాంగ్రెసుతో తబ్బిబ్బుపడకుండుటకై మేము శాసనసభ యనియే వాడెదము.

1968 లోనే అపలాచియను, పసిఫిక్ క్రెస్టు అను రెండు బాటలకు పట్టము దొరకినది. మరి పదునాలుగింటిని విచారింపుడని చట్టము చెప్పినది. వానిలో వెర్మాంటు రాష్ట్రపు లాంగ్ ట్రయల్ ఒకటి. ఆ బాట 1930 నాటికే పూర్తియైనది. దాదాపు 270 మైళ్ళది. దేశములోని దీర్ఘపథములకు పెద్దన్న వంటిది. అయినను దానికి ప్రత్యేకముగా జాతీయపట్టము రాలేదు. దాని గౌరవమునకు వచ్చిన లోపమును లేదు. 1910 లో నేర్పడిన గ్రీన్ మౌంటెను క్లబ్బువారు నేటికిని దానిని కన్నులలో పెట్టుకొని కాచుచున్నారు. అనగా విచారణ యన్నది పట్టాభిషేకమునకు ముహూర్తము కాదు. కావలయునని యనిపించవచ్చును, వలదని తేలవచ్చును.

విచారణలో తేల్పవలసిన యంశములను చట్టమే యేర్పరచినది. దారి యెటు పోవలెను? దాని చెంతనున్న ప్రదేశములు ప్రకృతిచేగాని, చరిత్రచేగాని, సంస్కృతిచేగాని జాతి కంతకును విలువగలవియా? ఆ నేల యెవరెవరిది, నేడెట్లు వాడబడుచున్నది? కొనవలసివచ్చిన నెంత వ్యయమగును? బాటను తీర్చి నిలుపుట కెంత యగును? ఏ శాఖ యధీనమున నుండవలెను? రాష్ట్రములు, స్థానికసంస్థలు ఎంత పాలు పంచుకొనగలవు? జనులు వచ్చి నడచుటచే ఆ ప్రదేశమునకే హాని కలుగునా? ఇన్నిటికిపైన రెండు కొలతలు: నేలమీద బాట వేయుట సాధ్యమా, ధనముచే సాధ్యమా? పొడవు నూరు మైళ్ళకు తగ్గరాదు. అది యెడతెగక సాగుట మంచిదే యైనను, తునుకలన్నియు కలిపి నూరు మైళ్ళైనను చాలునని చట్టము సడలించినది. ఈ సడలింపు ముందు మనకు పనికివచ్చును.

సోదరులారా, ఈ జాబితాలో అందమన్నది ఒక ప్రశ్న మాత్రమే. తక్కినవన్నియు నేల, ధనము, మనుష్యులు. మేము వకీళ్ళము గనుక ఇది మాకు రుచించినది. అందమును గూర్చి సభలలో ప్రసంగించుట సులభము. ఆ యందము ఎవరి పట్టాలో నున్నది, ఎవరి దయచే మనము దానిని చూచుచున్నాము, ఆ దయ యెన్నాళ్ళుండును అను ప్రశ్నలు వేసినప్పుడే ప్రసంగము విచారణ యగును.

మాసచూసెట్సు ప్రతినిధి జాన్ ఓల్వరు పూనికచే 2002 లో విచారణచట్టము వచ్చినది. సుమారు 180 మైళ్ళ బాటను పరిశీలింపుమని అందు చెప్పబడినది. జాతీయోద్యాన శాఖవారు పూనుకొనిరి. పనివారు నేల కొలిచినంతనే సరిపోలేదు. బాట యెవరి నేలమీదుగా పోవుచున్నదో వారితో మాటలాడవలసివచ్చినది. కొంత రాష్ట్రపు వనము, కొంత పురపాలకసంఘముల నీటివనరుల భూమి, కొంత భూరక్షక సంఘములది, తక్కినది పట్టాదారులది. ఈ పట్టాదారుల సమ్మతి యెట్టిదో గ్రహింపవలెను. చాలచోట్ల దస్తావేజు లేదు, రిజిస్ట్రీ లేదు. ఎన్నడో ఒక సేవకుడు వచ్చి, "మీ కొండ యంచున గుర్తులు వేసికొందుమా?" యని యడిగెను, యజమాని తల యూపెను, అంతే.

ఇట్టి తలయూపునకు న్యాయశాస్త్రమున నెంత బలము? మన దేశపు 1882 నాటి ఈజుమెంట్ల చట్టమునే చూడుడు. ఒకని నేలమీద వేరొకడు శాంతముగా, బహిరంగముగా, అడ్డులేక, హక్కుగా ఇరువదియేండ్లు నడచినచో దారిహక్కు సిద్ధించును. కాని అనుమతిపై నడచినచో అది లైసెన్సు మాత్రమే. లైసెన్సుపై నూరేండ్లు నడచినను హక్కు పుట్టదు. ఇచ్చినవాడు తలచిన మరల తీసికొనవచ్చును. ఈ విషయమున ఆంగ్లన్యాయమునుండి పుట్టిన అమెరికా న్యాయపు మూలసూత్రమును ఇట్టిదే. కనుక ఆ బాటలో ననేక భాగములు నిలిచినది హక్కుపై కాదు, మర్యాదపై. నేల చేతులు మారును; క్రొత్త యజమాని యిల్లు కట్టుకొనును; వాకిట పరాయివారు నడచుట యిష్టపడడు; బాట రోడ్డుమీదికి తరలును. ఏటేట ఇట్లు జరుగుచుండుటచేతనే జాతీయరక్షణ కావలెనను కోరిక పుట్టినది.

అయితే ఆ కోరికయే భయమునకును కారణమైనది. ఉద్యానశాఖ యన్న పేరు వినినంతనే కొందరు పట్టాదారులు, నేడు గుర్తులు వేసినవారు రేపు నేలను లాగికొందురేమో యని శంకించిరి. ఈ శంక ఊరక పుట్టినది కాదు. 1968 చట్టములో నిర్బంధముగా భూమి తీసికొను అధికారము కొంత యుండెను. అపలాచియను బాటకై 1978 లో చేసిన సవరణచే ఆ యధికారము పెంపబడినది. తొమ్మిది కోట్ల డాలరుల వ్యయమునకు అనుజ్ఞ యీయబడినది. మా రైతు తుమ్మకంప అమెరికాలోనను పడుటకు సిద్ధముగా నున్నది! జాతీయగౌరవము రాబోవుచున్నదన్న వార్తయే ఉన్న బాటను మూయింపగలదు. విచారణకు వచ్చినవారి యెదుట నిలిచిన చిక్కు ఇదియే.

ఇచ్చట రెండు పక్షములు కలవు. రెంటిని న్యాయముగా వినవలెను.

మొదటి పక్షము బలప్రయోగ పక్షము. దానిని తేలికగా త్రోసివేయరాదు. 1921 లో బెంటన్ మకాయి యను వనశాస్త్రజ్ఞుడు అపలాచియను బాటను ప్రతిపాదించెను. 1937 నాటికి సేవకులు దానిని పూర్తిచేసిరి. పదునాలుగు రాష్ట్రముల గుండ సుమారు 2,190 మైళ్ళు సాగు ఆ బాటకును ఆదిలో ఇదే రోగము: పట్టాభూములు, మర్యాదపై నిలిచిన దారి, రోడ్లమీదికి తరలుట. 1978 పిమ్మట ప్రభుత్వము ధనము పోసి భూమి కొన్నది. నిర్బంధాధికారము వెనుక నున్నను ముఖ్యముగా కొనుగోళ్ళచేతనే పని సాగినది. నేడు దాదాపు బాట యావత్తును శాశ్వతరక్షణలో నున్నది. ఇంత ఫలితము కండ్లయెదుట నుండగా, అధికారము నేల వదలుకొనవలెను? ఒక్క పట్టాదారుని మొండితనముచే కోట్లమంది ఆస్తి వంటి బాట తెగిపోవలెనా? ఇది వారి వాదము.

రెండవ పక్షము సమ్మతి పక్షము. ఈ కొండవరుస అపలాచియను వంటిది కాదు. ఇది నగరముల నడుమ, చిన్న కమతముల నడుమ పోవు బాట. నలుబదికి పైగా ఊళ్ళను తాకుచున్నది. ఇచ్చట నేలను బలిమిని తీసికొన్నచో, తీసికొన్నచోట బాట నిలుచునుగాని తక్కిన మైళ్ళలో కంపలు పడును. వేలకొలది ఆదివారముల సేవ చేసినవారు ఆ యిరుగుపొరుగువారే. వారిని శత్రువులను చేసికొని బాటను కాపాడువా రెవ్వరు? ప్రభుత్వము జీతగాండ్రను పెట్టి మైలుమైలునకు కావలి యుంచగలదా?

విచారణనివేదిక 2006 వసంతమున వెలువడినది. అది రెండవ పక్షమున మొగ్గినది. బాట జాతీయగౌరవమునకు తగినదనియు, అయితే దానిని ప్రభుత్వపుటాస్తిగా మార్చక, ఇప్పటి సంఘములు, ఊళ్ళు, పట్టాదారులు కలిసి నడపునట్లు ఏర్పాటు చేయవలెననియు తేల్చినది. శాసనసభ 2009 లో ఆ నివేదికనే నిర్వహణకు ఆధారముగా గైకొన్నది. వేరొక గొప్ప ప్రణాళిక వ్రాయనక్కరలేదని చెప్పినది. ఆ సంవత్సరము మార్చి 30 న అధ్యక్షుడు ఒబామా సంతకము చేసెను. చట్టములో బాట పొడవు సుమారు 220 మైళ్ళు, అనగా 350 కిలోమీటర్లకు పైమాట. ఉత్తరమున న్యూ హాంప్‌షైరు సరిహద్దుననున్న రాయల్‌స్టను ఊరినుండి దక్షిణమున గిల్‌ఫర్డు ఊర సముద్రపు టొడ్డువరకు. అందే యొక చిన్న వాక్యము కలదు: ఈ బాటకై భూమినిగాని, భూమిలోని యే హక్కునుగాని యజమాని సమ్మతి లేక సంయుక్తరాష్ట్రములు తీసికొనరాదు. ఇరువదేండ్లుగా చట్టములు చదువుచున్న మాకు ఆ వాక్యము చదివినప్పుడు, మా రైతునకు ఆనాడు చెప్పలేని బదులు ఇది కదా యనిపించినది. "లెక్కలలో వ్రాసికొన్నను, ఇచ్చువాడవు నీవే" యని చట్టమే యతనితో చెప్పుచున్నది.

ఆ వాక్యమునకు తోడుగా మరియొక ఏర్పాటును కలదు. దానిని గూర్చి సామాన్యముగా నెవ్వరును మాటలాడరు; కాని వకీలు కంటికి అదియే ప్రాణము. పట్టాదారునకు భూమి పోవునను భయ మొకటి; దావా పడునను భయము రెండవది. నడచువాడు కాలుజారి పడి నష్టపరిహారమునకు కోర్టుకెక్కినచో? మాసచూసెట్సు, కనెక్టికటు రాష్ట్రములు రెంటను, రుసుము పుచ్చుకొనక ప్రజలను తన నేలపై వినోదార్థము తిరుగనిచ్చు యజమానికి అట్టి బాధ్యతనుండి చాలవరకు రక్షణనిచ్చు శాసనములు కలవు. కనెక్టికటు ఉన్నతన్యాయస్థానము 1996 లో, ఈ రక్షణ పురపాలకసంఘములకు వర్తింపదని తీర్పుచెప్పెను. దానిచే ఊళ్ళు తమ భూములను తెరచియుంచుటకు జంకవలసివచ్చెను. 2011 లో అక్కడి శాసనసభ సవరణ చేసి, కొన్ని మినహాయింపులతో, ఆ రక్షణను ఊళ్ళకు మరల నిచ్చెను. దయగా ఇచ్చినవాని నెత్తిన దావా పడరాదన్న చిన్న న్యాయము లేనిచో, ఎంత గొప్ప పట్టము కట్టినను బాటలు మూతపడును.

ఇంతవరకు ప్రశంసించితిమి. లోపములు చెప్పకున్నచో మీకు న్యాయము చేసినవారము కాము.

మొదటిది: మొనాడ్నాకు కొండ. ఎత్తు 3,165 అడుగులు. పాతబాట అక్కడికే పోవును. దాని పేరే బాట పేరులో నున్నది. కాని అది న్యూ హాంప్‌షైరులో నున్నది. విచారణచట్టము మాసచూసెట్సు, కనెక్టికటు భాగములనే యెత్తుకొన్నది. అందుచే జాతీయపథము సరిహద్దు కడ నాగినది. నడచువాడు మాత్రము శిఖరము వరకు పోవుచునే యున్నాడు. రెండవది: కనెక్టికటు నదిపై బాటకు వంతెన లేదు. మౌంట్ టాము దిగినవాడు ఎదుటి గట్టున హోల్యోకు కొండలు కనబడుచుండగా బండియెక్కి చుట్టు తిరిగి పోవలెను. మూడవది, ముఖ్యమైనది: సమ్మతి యన్నది ఒకసారి దొరకిన శాశ్వతముగా నుండునది కాదు. యజమాని మారిన మరల నడుగవలెను. కాదన్నచో బాట మరలవలెను. పట్టము వచ్చిన పిమ్మటను ఈ బెడద పోలేదు. అపలాచియను బాటకున్న భద్రత దీనికి లేదు. ఇది దాచవలసిన పని లేదు.

మేమును మొదట మొదటి పక్షమువారమే. అధికారములేని గౌరవము పళ్ళులేని పామువంటి దనుకొంటిమి. చదివినకొలది మా యభిప్రాయము మారినది. ఏలన, బాటను మ్రింగునది మొండి పట్టాదారుడు మాత్రమే కాదు, అడవిపొద. రెండు వర్షర్తువులు ఎవ్వరును కత్తిపట్టనిచో, సర్కారు దస్తావేజు పెట్టెలో నుండగనే, బాట నేలమీద లేకుండపోవును. దస్తావేజు నేలను కాచును. బాటను కాచునది మనిషి. ఆ మనిషి ప్రక్కయూరివాడై, పట్టాదారునితో నోరారా పలుకరించువాడై యుండవలెను. అట్లని సమ్మతితో తృప్తిపడి చేతులు కట్టుకొని కూర్చుండుటయు తగదు. ఇష్టపడి యమ్మువానియొద్ద కొనవచ్చును. నేల తనకే యుంచుకొని దారిహక్కును మాత్రము దస్తావేజుగా వ్రాసియిచ్చు యజమానులతో వ్రాయించుకొనవచ్చును. తలయూపును మెల్లమెల్లగా దస్తావేజుగా మార్చుటయే ఇప్పుడు మిగిలిన పని. అదియు బలిమిని కాక, అడిగి.

పట్టము వచ్చిన తరువాత జరిగినదానిని చూడుడు. కనెక్టికటులో నీలిగుర్తులు నీలిగానే యున్నవి. మాసచూసెట్సులో తెల్లగుర్తులు తెల్లగానే యున్నవి. సేవకులను తరిమి జీతగాండ్రు రాలేదు. సముద్రపు టొడ్డువరకు మెనుంకటకు అను క్రొత్త భాగము తీర్చబడినది. ఆ పేరును గిల్‌ఫర్డు ప్రాంతపు ప్రాచీనజాతి పెట్టిన పేరే. 2009 నాటికి దేశమున జాతీయ రమణీయపథములు పదునొకండైనవి. 2023 డిసెంబరులో జాతీయోద్యాన శాఖవారు ఈ బాటను, దానితోపాటు ఐస్ ఏజ్, నార్త్ కంట్రీ అను బాటలను, ఉద్యానవ్యవస్థలో పూర్ణస్థానముగల యంగములుగా లెక్కకు తెచ్చిరి. గౌరవము పెరిగినది; సమ్మతి వాక్యము చెక్కుచెదరలేదు.

ఇక మన సంగతి రెండు మాటలలో ముగింతుము. మన దేశమున జాతీయ రహదారులకు 1956 లో చట్టము వచ్చినది. జాతీయ జలమార్గములకు 2016 లో వచ్చినది. కాలిబాటకు అట్టి చట్ట మింకను లేదు. భూసేకరణకు 2013 లో వచ్చిన చట్టము 1894 నాటి పాతచట్టముకంటె మేలైనది. ప్రైవేటు కంపెనీలకై తీసికొన్నచో నూటికి ఎనుబదిమంది, ప్రభుత్వముతో భాగస్వామ్యమున నడచు పనులకై తీసికొన్నచో నూటికి డెబ్బదిమంది సమ్మతి కావలెనని అది చెప్పుచున్నది. సర్కారు తన పనికై తీసికొన్నచో సమ్మతి యడుగవలసిన విధి లేదు. రేపు మనవారును ఏదియో యొక కొండబాటకు జాతీయగౌరవ మీయదలచిరను కొనుడు. అప్పుడు మన పఠనమందిరములలో కూర్చుండువారు మొదట వేయవలసిన ప్రశ్న, ఆ బాట యెంత యందమైనదని కాదు. అది యెవరి గట్టుమీదుగా పోవుచున్నది? వారిని ఎవరైన పోయి యడిగినారా? అడిగినప్పుడు వారు కాదనుటకు వీలున్నదా? కాదనుటకు వీలులేని చోట ఔననుటకు విలువ లేదు.

మేము ఈ యుపన్యాసమునకు సిద్ధమగుచు, ఆ డొంక నేడెట్లున్నదో యని ఆ యూరినుండి వచ్చిన కక్షిదారు నొకనిని విచారించితిమి. రాజీ యైన నాటినుండి కంప తీసివేయబడియే యున్నదట. ఆ రైతు గతించెను. ఆయన కుమారుడు గట్టు వెడల్పు చేయించి, ఊరివారిచేత రెండు కానుగమొక్కలు నాటించెనట. లెక్కలలో నేటికిని అది బాట కాదు. ఆ కుమారుని పిమ్మట ఏమగునో యను చింత మాకు లేకపోలేదు. ఆ యూరివారు ఆయన బ్రతికియుండగనే ఆయన సమ్మతితో దారిహక్కు వ్రాయించుకొనిన మేలని వార్త పంపితిమి. వ్రాయునట్టి కాగితమున, ఇచ్చువాడు ఆయనయే యని స్పష్టముగా నుండవలెనని కూడ చెప్పి పంపితిమి.